వేపచెట్టు మీది పెంకుపురుగు, వేరుసెనగ చేనిలోని వేరుపురుగు

సదుం, సోమల, పుంగనూరు ప్రాంతములయందు వేరుసెనగ వేయు రైతులలో ఈ పురుగును చూడనివారుండరు. అయితే దానిని రెండు వేరువేరు పురుగులుగా చూచినవారే పెక్కుమంది. ముంగారు వానలకు మునిమాపున వేపచెట్టు చుట్టును గుయ్యిమని మూగి, దీపము కడకు వచ్చి గోడకు కొట్టుకొని క్రింద పడు గోధుమరంగు పెంకుపురుగు ఒకటి. శ్రావణ భాద్రపదములలో వాడిన సెనగచెట్టును పెరికి మన్ను త్రవ్వినప్పుడు వంకీవలె ముడుచుకొని కనబడు తెల్లని లావుపాటి పురుగు మరియొకటి. మొదటిదానిని పిల్లలు పట్టి ఆడుకొందురు. రెండవదానిని పెద్దలు తిట్టుకొందురు. ఆ రెండును ఒక్కటే ప్రాణి యని, మొదటిది తల్లి యనియు రెండవది పిల్ల యనియు గ్రహించినచో, దాని నరికట్టు మార్గము సగము తెలిసినట్లే.

ఈ పురుగు శాస్త్రజ్ఞులు స్కారబిడే అని పిలుచు పెద్ద కుటుంబములోనిది. ఆ కుటుంబములో మనకు మిత్రులును గలరు, శత్రువులును గలరు. పేడను ఉండలుగా జేసి దొర్లించుకొనిపోవు పేడపురుగు ఈ కుటుంబములోనిదే. ప్రాచీన ఈజిప్టువారు దానిని సూర్యదేవునకు గుర్తుగా నెంచి రాళ్ళమీద చెక్కి పూజించిరి. కొబ్బరిచెట్టు మొవ్వును తొలుచు కొమ్ముపురుగు కూడ ఈ కుటుంబములోనిదే. మన చేలను పట్టి పీడించునది వీనిలో హోలోట్రైకియా అను జాతికి చెందినది. ఆ జాతిలో మన దక్షిణదేశమున ముఖ్యముగా రెండు విధములున్నవి: ఒకటి హోలోట్రైకియా రేనాడి, మరియొకటి హోలోట్రైకియా సెర్రేటా. ఈ రెండవదానికి 1781వ సంవత్సరమున ఫాబ్రిషియస్ అను డెన్మార్కు దేశపు పండితుడు పేరు పెట్టెను. గడచిన శతాబ్దపు చివరి దశకమున ఆంధ్ర, కర్ణాటక, తమిళ దేశములలో వేరుసెనగ చేలను త్రవ్వి పరిశీలించినవారు, దక్కను పీఠభూమి చేలలో రేనాడియే హెచ్చుగా నున్నదనియు, పడమటి వైపునకు పోవుకొలది సెర్రేటా హెచ్చుచున్నదనియు తేల్చిరి. మన సీమ ఆ రెండింటికిని నడుమ నున్నది. రైతునకు ఈ భేదముతో అంతగా పనిలేదు. రెండింటి నడవడియు నించుమించు ఒక్కటే.

ఇక దాని సంవత్సరమెట్లు గడచునో చూతము. వేసవి యంతయు ఈ పెంకుపురుగు భూమిలో అడుగు, రెండడుగుల లోతున కదలక మెదలక పడియుండును. దానికప్పుడు ఆహారము లేదు. రోహిణి కార్తెలో గాని మృగశిరలో గాని, ఒక్కొక్కయేడు అంతకు ముందుగనే గాని, నేల లోపలి దాక తడియునట్లు ఒక పెద్దవాన కురిసినంతనే దానికి మెలకువ వచ్చును. ఆ సాయంకాలమో మరునాటి సాయంకాలమో, ప్రొద్దు గ్రుంకి చీకటి పడుచుండగా, వేలకొలది పురుగులు ఒక్కమారుగా మన్ను చీల్చుకొని పైకి లేచును. లేచినవి తిన్నగా చేరువనున్న చెట్లకు పోవును. అక్కడనే జతగూడి, రాత్రి యంతయు ఆకు మేసి, తెల్లవారకమునుపే దిగి మరల మన్నులో దూరును. పగటిపూట చెట్టు క్రింద నిలువబడి చూచినవానికి ఒక్క పురుగైనను కనబడదు. చిల్లులు పడి ఈనెలు మాత్రము మిగిలిన ఆకులు కనబడును. ఆకు చీడ యేదో పట్టినదని రైతు తలచుట కిదియే కారణము.

కొన్ని దినములు గడచినపిమ్మట ఆడుపురుగు తడిసిన మెత్తని మన్నులో రెండు మూడంగుళముల లోతున గ్రుడ్లు పెట్టును. అవి మొదట తెల్లని బియ్యపుగింజలవలె నుండి, పిదప నీరు పీల్చుకొని గుండ్రనగును. వారము పది దినములలో గ్రుడ్డు పగిలి పిల్లపురుగు వెలువడును. అది మొదట మన్నులోని కుళ్ళిన ఆకు అలములను, సన్నని వేళ్ళను తినుచు కాలము పుచ్చును. రెండుమారులు కుబుసము విడిచి మూడవ దశకు వచ్చునప్పటికి తర్జనీ వ్రేలంత లావగును. అప్పుడే దాని యాకలికి మేర యుండదు. మన దురదృష్టమేమనగా, సెనగచేను పూతకు వచ్చి ఊడలు దిగు దినములును, పురుగు మూడవ దశకు వచ్చు దినములును సరిగా నొక్కటే. కోతల నాటికి అది మేత మాని లోతునకు దిగి, మట్టితో గూడు కట్టుకొని, అందులో రూపు మారి పెంకుపురుగై, మరల ముంగారు వాన వచ్చు దాక నిద్రించును. సంవత్సరమునకు దీనికి ఒక్కటే సంతతి. ఈ మాట సభ్యులు గుర్తుంచుకొనవలెను. నివారణ యంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

ఇచ్చట వేపచెట్టును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. వేపాకు చేదునకు పురుగులన్నియు పారిపోవునని మనకు అనుభవముగలదు. ధాన్యపు గాదెలలో వేపాకు వేయుదుము. వేపపిండి చేనికి చల్లుదుము. వేపగింజల కషాయము పైరుమీద చల్లుదుము. అవన్నియు నిజమే. అయినను ఈ పెంకుపురుగునకు వేపాకు పరమాన్నము. వేప తరువాత రేగు, తుమ్మ, మునగ దీనికి ప్రియమైనవి. గట్టుమీద వేపచెట్టున్నది గదా, చేనికి పురుగు రాదని నమ్మియున్న రైతు, ఆ చెట్టు చుట్టునే చేను హెచ్చుగా చచ్చుట చూచి విస్తుపోవును. అందుచేత వేపచెట్లను కొట్టివేయుడని మేము చెప్పుట లేదు. ఎండాకాలమున మనిషికి, పశువునకు నీడనిచ్చు చెట్టు అది. ఆ చెట్టునే పురుగునకు బోనుగా మార్చుకొనవచ్చును. ఆ విధము ముందు వ్రాయుచున్నాము.

పురుగునకు నచ్చిన తావు ఎట్టిది? ఎర్రని గరుసు నేల, ఇసుక పాలు గల తేలిక నేల దానికి మిక్కిలి యనుకూలము. గ్రుడ్డు పెట్టుటకు తల్లికి, తొలుచుకొని పోవుటకు పిల్లకు అట్టి నేల సులభము. బంకమట్టి నేలలలో దీని బాధ తక్కువ. సదుం చుట్టుపట్ల కొండల పాదమున వాలుగా నున్న మెట్టచేలన్నియు ఎర్రనేలలే. వాని గట్లమీద వేపలు, తుమ్మలు, రేగుపొదలు. చేల నడుమ గడ్డి పెరిగిన బీళ్ళు. ఇంతకంటె పురుగునకు కావలసినదేమున్నది? చెరువు క్రింది వరిమళ్ళలో మాత్రము దీని పప్పులుడుకవు. నిలువనీటిలో పిల్లపురుగు బ్రదుకజాలదు.

మన ప్రాంతమున వేరుసెనగ విస్తీర్ణము పూర్వమంత లేదు. టమాట, మామిడి దాని చోటును చాలవరకు ఆక్రమించినవి. అయినంత మాత్రమున పురుగు పోయెనని తలచరాదు. అది సెనగనే కోరునది కాదు. టమాట, మిరప, చెరకు, జొన్న, ఏ పైరు వేళ్ళైనను దానికి సమ్మతమే. సెనగకు తల్లివేరు ఒక్కటే ఆధారము గనుక అది తెగిన చెట్టు చచ్చును; జొన్నకు పీచువేళ్ళు పెక్కుగా నుండుటచే కొంత తట్టుకొనును. అంతే భేదము.

చేనిలో దీని గుర్తు తెలిసికొనుట కష్టము కాదు. చెట్లు ఒక్కొక్కటిగా గాక, వరుసగా ఒకదాని తరువాత నొకటి వాడును. పురుగు మన్నులోనే సాలు వెంబడి నడచుచు ఒక చెట్టు ముగించి మరియొక చెట్టునకు పోవుటయే దీనికి కారణము. కొన్నిచోట్ల చేను మచ్చలు మచ్చలుగా పలుచబడును. వానలేక వాడిన చెట్టు సాయంకాలమునకు కొంత తేరుకొనును. వేరు తెగిన చెట్టు తేరుకొనదు. మొదలుకుళ్ళు తెగులు తగిలిన చెట్టునకు మొదట నల్లని బూజు కనబడును. దీనికి అట్టిది లేదు. చేతితో లాగినచో చెట్టు శ్రమలేక ఊడివచ్చును, తల్లివేరు కొరికి త్రుంచినట్లుండును. ఆ మొదట గాని, ప్రక్క చెట్టు మొదట గాని జానెడు లోతు త్రవ్వినచో దొంగ పట్టుబడును.

నష్టమెంతయో లెక్క వేసి చూతము. సాలునకు సాలు 30 సెంటీమీటర్లు, చెట్టునకు చెట్టు 10 సెంటీమీటర్లు ఎడముంచి విత్తినచో చదరపు మీటరునకు 33 చెట్లు. ఎకరమునకు ఇంచుమించు 1,33,000 చెట్లు. చదరపు మీటరునకు ఒక్క పురుగున్నను ఉపేక్షింపరాదని వ్యవసాయశాస్త్రజ్ఞులు హద్దు పెట్టియున్నారు. అనగా ఎకరమునకు 4,000 పురుగులు. ఒక్కొక్క పురుగు తన జీవితకాలమున ఐదు చెట్లను మాత్రమే చంపునని తక్కువగా లెక్కించినను, 20,000 చెట్లు పోయినట్లే. ఏడింట ఒక చెట్టు. ఎకరమునకు 60 కిలోల విత్తనపు పప్పు అప్పు తెచ్చి కొని విత్తిన రైతు, అందులో ఎనిమిది తొమ్మిది కిలోలు పురుగుకొరకే విత్తినట్లగును. దుక్కి, కలుపు, కూలి, వడ్డీ వేరు. పురుగు చదరపు మీటరునకు మూడు నాలుగైన చేలలో కోతకూలి కూడ గిట్టని స్థితి వచ్చును. సంఘము ఇచ్చిన పంటఋణము తీరునా తీరదా యనునది ఒక్కొక్క యేడు ఈ పురుగు చేతిలో నుండును గనుకనే ఈ పత్రికలో ఇంత విపులముగా వ్రాయుచున్నాము.

పెంటదిబ్బలను గూర్చి ఒక అపోహ గలదు. ఎరువు త్రవ్వునప్పుడు అందులో లావుపాటి తెల్లపురుగులు కనబడినచో, అవియే చేనిలో వేళ్ళు కొరుకునవని యెంచి కొందరు ఎరువు తోలుటయే మానుదురు. దిబ్బలోని పురుగులలో పెక్కు కొమ్ముపురుగు పిల్లలో, పూలమీద వ్రాలు మెరుపు పెంకుపురుగుల పిల్లలో అయియుండును. అవి కుళ్ళిన ఎరువునే తినును గాని బ్రదికియున్న వేరు జోలికి పోవు. పూలపురుగు పిల్లను గుర్తించుట కొక చిన్న పరీక్ష గలదు. పురుగును తీసి చదునైన పలకమీదనో పళ్ళెములోనో పెట్టి చూడవలెను. అది వెల్లకిల తిరిగి, కాళ్ళు మీదికెత్తి, వీపుతో ప్రాకిపోయినచో పూలపురుగు పిల్ల. దానివలన పైరునకు భయము లేదు. వేరుపురుగు అట్లు వీపుమీద నడువలేదు. ప్రక్కకు పడి వంకీ చుట్టుకొనును. అయితే పచ్చిపేడ, సగము మాగిన ఎరువు చేనికి తోలరాదన్న మాట సత్యమే. కుళ్ళని పదార్థము పిల్లపురుగునకు మొదటి దశలో మేత యగును. బాగుగా మాగి పొడియైన ఎరువు తోలిన దోషము లేదు.

పేడపురుగు సంగతియు చెప్పి ముందునకు పోదము. పుంగనూరు పొట్టి ఆవులకు పేరుపొందిన సీమ ఇది. పసువులు మేయు బీళ్ళలో పేడను ముక్కలు చేసి నేలలో పూడ్చి, భూమిని గుల్లపరచి, ఈగలు పుట్టు తావు లేకుండ జేయునది పేడపురుగే. దీని విలువ ఆస్ట్రేలియావారికి బాగుగా తెలిసినది. ఆ దేశపు పేడపురుగులు అచ్చటి కంగారువంటి జంతువుల పొడిపేడకు అలవాటుపడినవి. ఐరోపావారు తెచ్చిన ఆవుల పేడను ముట్టవాయెను. బీళ్ళన్నియు ఎండిన పేడతో కప్పబడి, ఈగలు పెచ్చుపెరిగెను. తుదకు 1960వ దశకపు చివర నుండి వారు పరదేశముల పేడపురుగులను తెప్పించి విడువవలసి వచ్చెను. మనకు అవి ఉచితముగా నున్నవి. నులిపురుగులకై పశువులకిచ్చు ఐవర్‌మెక్టిన్ వంటి మందులు పేడలోనికి దిగి ఈ పురుగులను చంపునని తెలిసికొని, అవసరమున్నప్పుడే పశువైద్యుని సలహాతో వాడుట మేలు.

ఇక నివారణ. చేనిలో చెట్లు వాడుట మొదలైన పిమ్మట చేయదగినది స్వల్పము. పురుగు అరడుగు లోతుననుండగా పైన చల్లిన మందు దానిని చేరదు. ఆ సమయమున అంగడివారు చూపిన డబ్బాలకెల్ల డబ్బు పోయువారిని చూచి జాలిపడవలసినదే. ఒకప్పుడు బి.హెచ్.సి. పొడిని బస్తాలకొలది దుక్కిలో చల్లెడివారు. అది మన్నులో ఏండ్ల తరబడి నిలిచి, పంటలోనికిని పాలలోనికిని దిగుచుండుటచే 1997లో మన దేశమున నిషేధింపబడెను. దానికి చింతింపనక్కరలేదు.

అన్నింటికంటె మేలైన సమయము తల్లిపురుగు చెట్టుమీద నుండు కాలము. మొదటి పెద్దవాన తరువాతి మూడు నాలుగు రాత్రులు, గ్రుడ్లు పెట్టకమునుపు, రాత్రి ఎనిమిది గంటలకు పైన దీపములు గొని పోయి, చెట్టు క్రింద గోనెపట్టలు పరచి, దోటితో కొమ్మలను గట్టిగా కదిపినచో పురుగులు జలజల రాలును. వానిని ఏరి సబ్బునీళ్ళలోనో కిరోసిను కలిపిన నీళ్ళలోనో వేయవలెను. ఒక్క తల్లి 20 గ్రుడ్లే పెట్టునని యనుకొనినను, నూరు తల్లులు పోయినచో రెండువేల పిల్లలు పుట్టకయే పోవును. సంవత్సరమునకు ఒక్కటే సంతతి గనుక ఆ లోటును అది ఆ యేడు పూడ్చుకొనజాలదు. వేసవిలోనే గట్లమీది వేపకొమ్మలను చాలవరకు నరికి, నడుమ నడుమ ఒకటి రెండు చెట్లను మాత్రము గుబురుగా విడిచినచో, పురుగులన్నియు ఆ చెట్లకే చేరును, పని సులువగును. చెట్టును బోనుగా మార్చుట యనగా నిదియే.

దీనికి తోడ్పడు వస్తువొకటి ఇటీవల కనిపెట్టబడినది. ఆడుపురుగు మగపురుగును పిలుచుటకు ఒక వాసన విడుచును. ఆ వాసన మెథాక్సీ బెంజీన్ అను ద్రవ్యమని మొదట ఉత్తరదేశపు వేరుపురుగునందును, 2002లో మన రేనాడి యందును శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఇది ఖరీదైన వింతద్రవ్యము కాదు; అనిసోల్ అను పేర రసాయనశాలలలో దొరకునదే. దూదిలోనో స్పాంజి ముక్కలోనో దీనిని ముంచి చెట్టునకు కట్టినచో పురుగులు ఆ చెట్టునకే మూగును. రాజస్థానమున జయపురము దగ్గరి దుర్గాపుర పరిశోధనాస్థానమువారు ఈ పద్ధతిని రైతులచేత ఊళ్ళకు ఊళ్ళుగా చేయించియున్నారు.

ఊళ్ళకు ఊళ్ళుగా అన్న మాటను గమనింపుడు. పురుగునకు గట్లు లేవు. ఒక రైతు తన చెట్టును దులిపి, ప్రక్కరైతు దులుపకున్నచో, ఆ చెట్టుమీది తల్లులు ఈ చేనిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రామకంఠపు చెట్లు, బాట ప్రక్క చెట్లు, గుడి ముంగిటి చెట్లు ఎవరివి? ఎవరివియు గావు గనుక ఎవరును దులుపరు. విత్తనమునకు, ఎరువునకు, అప్పునకు సంఘముగా గూడిన మనము ఈ పనికి నాలుగు రాత్రులు కూడలేమా? ఒక్కొక్క వీధికి కొన్ని చెట్లుగా ముందే పంచుకొని, దీపములు, గోనెపట్టలు, దోటులు సిద్ధము చేసికొని, వాన పడిననాడు డప్పు వేయించినచో చాలును. పెట్టుబడి లేదు, కావలసినది ఏకకాలమున జరుగుట ఒక్కటే.

పరదేశపు దగ్గరదారి యొకటి ఎట్లు బెడిసెనో తెలిసికొనుట మంచిది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు చెరకుతోటలను ఇట్టి పురుగే పాడుచేయుచుండగా, 1935లో హవాయి దీవులనుండి 102 పెద్ద కప్పలను తెచ్చి పెంచి విడిచిరి. తల్లిపురుగు చెట్లమీద, పిల్లపురుగు మన్నులో, కప్ప నేలమీద. రెండును దానికి అందలేదు. కప్పలు మాత్రము కోట్లుగా పెరిగి, వాని విషమునకు అచ్చటి జంతువులు చచ్చుచు, నేటికిని ఆ దేశమునకు తీరని బాధ మిగిలినది.

చెట్లను దులిపినను కొన్ని పురుగులు మిగులుట సహజము. వానికై విత్తనశుద్ధి చేయవలెను. కిలో విత్తనపు పప్పునకు ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. 2 మిల్లీలీటర్లు పట్టించి నీడన ఆరబెట్టి విత్తుట విశ్వవిద్యాలయమువారు చెప్పు పద్ధతి. చేతులకు తొడుగులుండవలెను, మిగిలిన పప్పును మనుష్యులుగాని కోళ్ళుగాని తినకుండ పూడ్చవలెను. పురుగు వెనుకటి యేడు హెచ్చుగానున్న చేలకు, మెటారైజియం అను శిలీంధ్రపు పొడిని మాగిన పశువుల ఎరువులో కలిపి, తేమయున్నప్పుడు ఆఖరి దుక్కిలో వేయవచ్చును. ఆ శిలీంధ్రము పురుగు ఒంటిపై మొలిచి దానిని చంపును. చచ్చిన పురుగు పచ్చని బూజు పట్టి కనబడును. ఎండిన నేలలో అది పనిచేయదు. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రమువారిని అడిగి తమ నేలకు తగిన మోతాదు తెలిసికొనుట యుక్తము.

కోతలైన వెంటనే, తేమ ఆరకమునుపే, చేనిని లోతుగా ఒకమారు దున్నుట మరువరాదు. దిగుచున్న పురుగులును మట్టిగూళ్ళును పైకి వచ్చును. నాగలి వెంట కాకులు, గోరింకలు, తెల్లకొంగలు, పసులపోలిగాళ్ళు బారులు తీరి ఏరుకొని తినును. దుక్కి ప్రొద్దుటిపూట చేసినచో పక్షులు హెచ్చుగా వచ్చును. ఎండ ముదిరిన పిదప అవి నీడ చేరును, పురుగు మరల మన్నులో దూరును.